అట్టపెట్టె వాసన పాలు

"తాతయ్యా, ఈ పాలు అట్టపెట్టె వాసనొస్తున్నాయి!" అంటూ మనవరాలు గ్లాసు తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. నిజమే. విరగలేదు, పులవలేదు, గడువు తేదీ ఇంకా నాలుగు రోజులుంది. తడిసిన అట్టముక్కని వాసన చూసినట్టుంది, అంతే. పారబోయబోతున్న కోడల్ని ఆగమన్నాను. ఇంత మంచి పాఠం మళ్లీ దొరుకుతుందా?

సింగపూర్‌లో మా అబ్బాయి ఉండేది బుకిత్ తిమా వైపు. దగ్గర్లోనే డెయిరీ ఫామ్ రోడ్డు. ఆ పేరు ఊరికే రాలేదు. 1929లో కోల్డ్ స్టోరేజ్ కంపెనీ మేనేజరు ఫ్రెడ్ హెరాన్ ఊరికి తాజా పాలు అందాలని ఇక్కడ ఆవుల్ని పెట్టించాడు. ఇప్పుడది నేచర్ పార్కు. పాత కొట్టమొకటి వాలెస్ ఎడ్యుకేషన్ సెంటరైంది. సాయంత్రం పిల్లని తీసుకుని అక్కడిదాకా నడిచాను. ఆవు లేదు, పేడ వాసన కూడా లేదు. నాకైతే కొంచెం వెలితిగానే అనిపించింది. పాఠం అక్కడే మొదలుపెట్టాను.

అట్ట వాసనకి కారణం పాలలోని కొవ్వు. కొవ్వుకి గాలిలోని ఆక్సిజన్ తగిలితే పాత నూనెలా పాడవుతుంది. వెలుతురు పడినా, రాగి లాంటి లోహం ఏ కాస్త కలిసినా ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. ఒక కొవ్వు అణువు చెడితే ఊరుకోదు, పక్కదాన్నీ చెడగొడుతుంది. కళ్లంలో ఒక వామికి నిప్పంటుకుంటే వరసగా అన్నీ అంటుకోవూ, అలాగన్నమాట. అప్పుడెవడో తడి గోనెసంచి పట్టుకుని నిప్పుకీ తర్వాతి వామికీ మధ్య నిలబడితే? ఆ గోనెసంచే విటమిన్ ఇ. తన హైడ్రోజన్ తాను ఇచ్చేసి, ఆ వరసని అక్కడితో తెంపేస్తుంది.

"అయితే ఆవుకి విటమిన్ ఇ బోలెడు పెడితే పాలనిండా వచ్చేస్తుందిగా?" అంది పిల్ల. రాదమ్మా. పాలిచ్చే ఆవుకి రోజుకి 500 యూనిట్లు, చూడితో వట్టిపోయిన ఆవుకి 1000 యూనిట్ల దాకా చాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2001లో లెక్కగట్టింది. మందుల షాపు రకం 1000 యూనిట్లంటే ఒక్క గ్రాము, చిటికెడు! అందులో లీటరు పాలకి దిగేది ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. నీకు రోజంతటికీ కావలసింది పాలతోనే రావాలంటే బకెట్టు తాగాలి. గుప్పెడు వేరుశనగలు నమిలితే నయం.

మరి మిగతాదంతా ఎక్కడికి పోయింది? అందులో కొంత ఆవుకే పనికొస్తుంది. పొదుగులోకి సూక్ష్మజీవులు దూరితే తెల్లకణాలు పోరాడతాయి. ఆ పోరాటంలో వాటి సొంత పొర కాలిపోకుండా ఇది కాస్తుంది. విటమిన్ ఇ పెట్టిన ఆవుల్లో పొదుగువాపు 37 శాతం తగ్గిందని 1984లో ఒహాయో పరిశోధకులు చూశారు. అలాగని కుమ్మరించకూడదు. నెదర్లాండ్స్‌లో ఈనేముందు రోజూ 3000 యూనిట్లు పెట్టి చూస్తే పొదుగువాపు పెరిగింది! 2010 నాటి ముచ్చట అది.

అసలు పచ్చిగడ్డి మేసే పశువుకి విటమిన్ ఇ విడిగా పెట్టే బాధే ఉండదు. విటమిన్ ఉండేది పచ్చదనంలో. గడ్డి ఎండేకొద్దీ అదీ పోతుంది. మా ఊళ్లో వేసవంతా వరిగడ్డే. ఒక ఏడు మా గేదె ఈనాక మాయ పడలేదు. పశువుల డాక్టరుగారొచ్చి విటమిన్ ఇ, సెలీనియం కలిసిన సూది వేసి, "వచ్చే ఏడు ఈనేముందు కాస్త పచ్చిమేత చూడండి" అన్నారు. 1922లో ఎవాన్స్, బిషప్ అనే శాస్త్రవేత్తలు విటమిన్ ఇని కనిపెట్టిందీ కాన్పుల దగ్గరే. అది లేని తిండి తిన్న ఎలుకలకి కడుపు నిలవలేదు. అందుకే టోకోఫెరాల్ అన్నారు, గ్రీకులో కాన్పునిచ్చేదని.

ఇంకో తమాషా. కడుపులో ఉన్న దూడకి మాయ దాటి ఇది పెద్దగా చేరదు. పుట్టాక ముర్రుపాలతోనే అందుతుంది. అందుకే వాటిల్లో మామూలు పాలకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. జున్నుపాల కోసం ఇరుగుపొరుగు చెంబులు పట్టుకుని వస్తే మా అమ్మ గడపలోనే ఆపేది: "దూడ తాగనీ, ఆ తర్వాతే!"

"సింగపూర్‌లో జున్ను దొరుకుతుందా తాతయ్యా?" అంటోంది మనవరాలు.