మతం గడిలో ఏం రాయమంటారు?

జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి గుమ్మంలో నిలబడి వరసగా అడుగుతాడు. పేరు, వయసు, పెళ్లయిందా లేదా... ఆ వరసలోనే రెండు గడులు వస్తాయి. ఒకటి మతం, రెండోది మాతృభాష. మాతృభాష దగ్గర మన సరిహద్దు తెలుగువాళ్లు మహా జాగ్రత్తగా ఉంటారు. "సార్, తెలుగనే రాయండి. అలవాటుకొద్దీ కన్నడం అని రాసేయకండి" అని పక్కన నిలబడి చూసి మరీ రాయించుకుంటారు. మతం దగ్గర మాత్రం ఎవరూ నోరు విప్పరు. పేరు చూసో, గోడమీది పటం చూసో ఆయనే రాసుకుపోతాడు. మనమూ అడ్డు చెప్పం.

బరంపురంలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ గడి మీదే మాటామాటా వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనవడు సెలవుకు వచ్చి, "ఈసారి లెక్కలకొస్తే నేను మతం లేదనే రాయిస్తాను తాతయ్యా" అన్నాడు. పెద్దాయనకు కోపం రాలేదు. దిగులేసింది. "నమ్మకం లేదంటావు, సరే. రేపు రామమందిరానికీ రావు, భజనకీ రావు. మరి ఈ ఊళ్లో మన తెలుగు ఎక్కడ మిగుల్తుందిరా?" అన్నారాయన. మనవడి దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. సరిహద్దు ఊళ్లలో తెలుగు బడి మూతపడ్డా, గుళ్లో తెలుగు పాట మిగిలింది. దసరాకీ, శ్రీరామనవమికీ నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరతారు. అందుకే మతం వదలడమంటే మనకు దేవుణ్ణి వదలడంగా కనిపించదు, ఇల్లు వదలడంగా కనిపిస్తుంది.

లెక్కల్లో ఎంతమంది?

బయటి దేశాల్లో మతం గడి వేగంగా ఖాళీ అవుతోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 లెక్కల ప్రకారం తమకు ఏ మతమూ లేదన్నవాళ్లు నూటికి 37 మంది. క్రైస్తవులమన్నవాళ్లు నూటికి 46 మందే. అక్కడ క్రైస్తవులు సగం కంటే తగ్గడం లెక్కల్లో అదే మొదటిసారి.

మన దేశంలో 2011లో మతం చెప్పనివాళ్లు సుమారు 28 లక్షల 70 వేల మంది. 121 కోట్ల జనాభాలో ఇది పావు శాతం కూడా లేదు. వీళ్లంతా నాస్తికులని అనుకోకూడదు. చెప్పడం ఇష్టంలేనివాళ్లూ, అడగనే అడగకుండా వదిలేసినవాళ్లూ ఇందులో ఉంటారు. తమంతట తాము నాస్తికులమని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 33 వేల మందే.

కానీ చుట్టూ చూస్తే ఈ లెక్క ఒక్కటే నిజమనిపించదు. గుడికి వెళ్లని కుర్రాళ్లున్నారు. పంతులు లేకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు. వాళ్లే సంక్రాంతికి ఇంటికొచ్చి అరిసెలు తింటారు, ముగ్గేస్తారు. మనదగ్గర జనం ముందు పంతుల్ని వదులుతున్నారు, తర్వాత పూజను. పండగను మాత్రం ఎవరూ వదలడం లేదు. దీన్ని రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఛత్రపురం నుంచి బెజవాడకు

నాస్తికత్వం ఎక్కడో పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందని కొందరంటారు. బరంపురం పెద్దాయన కూడా మొదట అదే అన్నారు. ఆయనకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. తెలుగునాట నాస్తికోద్యమానికి పెద్దదిక్కయిన గోరా పుట్టింది ఆయన పక్క ఊళ్లోనే.

గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాష్ట్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. వృక్షశాస్త్రం చదివి మదురై, కోయంబత్తూరు, కొలంబోలలో పాఠాలు చెప్పారు. జంధ్యం తీసేసినందుకు ఇల్లు విడవాల్సి వచ్చింది. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత బందరు కాలేజీ కొలువూ నిలవలేదు.

1940లో కృష్ణాజిల్లా ముదునూరులో, భార్య సరస్వతి గారితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. వయోజనులకు చదువు, అన్ని కులాల వాళ్లతో సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరాటం... అక్కడ జరిగిన పని ఇది. దేవుడు లేడని వాదించి ఊరుకోలేదు. 1948 మార్చిలో పెద్ద కూతురి పెళ్లి సేవాగ్రాంలో ఒక దళిత యువకుడితో జరిపించారు. గాంధీజీ దగ్గరుండి జరిపిస్తానన్న పెళ్లి అది. అప్పటికి ఆయన లేరు. గాంధీతో తన మాటామంతీని గోరా పుస్తకంగా రాస్తే 1951లో గాంధీ సంస్థ నవజీవన్ వాళ్లే అచ్చేశారు.

గోరా మతాన్ని వదిలారు, తెలుగును వదల్లేదు. పిల్లలకు లవణం, విజయం, సమరం అని పేర్లు పెట్టారు. దేవుడి పేరు ఒక్కటీ లేదు, అన్నీ మన నోటికి తెలిసిన మాటలే. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన బిడ్డ లవణం.

కర్ణాటకలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. తెలుగు బాగా వినిపించే గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య భౌతికశాస్త్రం మాస్టారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరుగా ఉండగా 1976లో బాబాల మహిమల్ని పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. అడగకుండా ఏదీ ఒప్పుకోవద్దన్నదే 2005లో పోయేదాకా ఆయన పిల్లలకు చెప్పిన పాఠం.

అడిగినందుకు ప్రాణాలు పోయిన సంగతీ మరిచిపోలేం. మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని 2015 ఆగస్టు 30న ధారవాడలో ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చేశారు. 2013లో మహారాష్ట్ర, 2017లో కర్ణాటక చేతబడులు, నరబలులు, అమానుషాచారాల మీద చట్టాలు తెచ్చాయి. దేవుణ్ణి నమ్మొద్దని ఆ చట్టాల్లో ఎక్కడా లేదు. దేవుడి పేరు చెప్పి మనిషిని హింసించొద్దనే ఉంది.

ఇద్దరికీ అర్థమయ్యే మాటల్లో పెళ్లి

తమిళనాడు తెలుగువాళ్లకు పంతులు లేని పెళ్లి కొత్తేమీ కాదు. పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1928 నుంచే అలాంటి పెళ్లిళ్లు జరిపించింది. అవి చెల్లవని కోర్టు తీర్పు వచ్చాక వేల కుటుంబాలు ఇబ్బందిలో పడ్డాయి. అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి 7-ఎ సెక్షను చేర్చింది. అది 1968 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగిన పెళ్లిళ్లకూ వర్తించింది. పుదుచ్చేరి కూడా 1971లో ఇలాంటి సవరణే చేసుకుంది కాబట్టి యానాం వాళ్లకూ ఈ దారి ఉంది.

ఆ సెక్షనులో ఒక ముక్క మనం గుర్తుపెట్టుకోవాలి. బంధుమిత్రుల ఎదుట, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో, నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నానని చెప్పుకుంటే చాలు. దండలు మార్చుకున్నా, ఉంగరాలు తొడుక్కున్నా, తాళి కట్టినా చెల్లుతుంది. అంటే హోసూరులోనో, కోవిల్పట్టిలోనో మన పిల్లలు తెలుగులో చెప్పుకున్న ఆ ఒక్క మాటే పెళ్లి. అర్థం తెలియని మంత్రం కంటే అక్కడ మన భాషకే ఎక్కువ విలువ. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి అంతకుముందే 'వివాహవిధి' రాసి తెలుగులోనే పెళ్లిళ్లు జరిపించారు. ఇది మన ఇంటి సంప్రదాయం కూడా అన్నమాట.

యానాం కథ మరీ పాతది

యానాం వాళ్లకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. 1881 సెప్టెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం ఇక్కడి తమ స్థావరాలన్నిటికీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇష్టమున్నవాళ్లు తమ మత, కుల చట్టాన్ని వదులుకుంటున్నామని రాసిచ్చి ఫ్రెంచి పౌరచట్టం కిందికి రావచ్చు. ఇంటిపేరు కొత్తగా ఎంచుకోవచ్చు. గుడికి వెళ్లడం మానక్కర్లేదు, పెళ్లీ ఆస్తీ మాత్రం అందరికీ ఒకటే చట్టం ప్రకారం నడుస్తాయి. 1963లో మన దేశపు చట్టాలు పుదుచ్చేరికి వచ్చినప్పుడు కూడా ఆ కుటుంబాలను విడిగానే ఉంచారు. మతం వేరు, రాజ్యం చూసే చట్టం వేరు అన్న మాట మన గోదావరి ఒడ్డున 140 ఏళ్ల కిందటే కాగితం మీదికి ఎక్కింది.

లౌకికం అంటే ఇదే. నాస్తికత్వం మనిషి మనసుకు సంబంధించింది. లౌకికం ప్రభుత్వానికి సంబంధించింది. రోజూ సంధ్యావందనం చేసే మనిషి కూడా, ప్రభుత్వం ఏ మతానికీ కొమ్ముకాయకూడదనుకుంటే లౌకికవాదే. ఈ రెంటినీ కలిపేసుకుని ఇళ్లల్లో అనవసరంగా తగవులాడుకుంటున్నాం.

గడి ఖాళీగా వదిలితే?

మతం చెప్పకపోవడం నేరం కాదు. మతాన్ని ప్రకటించమని ఎవర్నీ బలవంతపెట్టకూడదనీ, ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందనీ 2014 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు తేల్చింది. 2019 ఫిబ్రవరిలో తమిళనాడు తిరుపత్తూరులో ఒక మహిళా న్యాయవాది కులం, మతం లేదని సర్టిఫికెట్ తీసుకున్నారు. పుట్టిన సర్టిఫికెట్ దరఖాస్తులో ఇలాంటి గడి పెట్టమని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది.

అయితే తొందరపడేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది ఆస్తి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్తులు కానివాళ్లకు వర్తిస్తుంది. హిందూ ఇంట్లో పుట్టి నాస్తికుణ్ణన్నంత మాత్రాన ఆస్తి పంపకం మారదు.

రెండోది రిజర్వేషను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. కులం, మతం లేదని తహసీల్దారు చేత రాయించుకుంటే రేపు కుల ధ్రువపత్రం అడిగేటప్పుడు చిక్కొస్తుంది. కులం వల్ల నష్టపోయినవాడికి ఆ గడి వదలడం కూడా నష్టమే. పైకులం వాళ్లు సులువుగా ఇచ్చే సలహా ఇది. పక్కింటివాడికి చెప్పేముందు ఆలోచించుకోవాలి.

మూడోది పెళ్లి. వేర్వేరు మతాల వాళ్లు మతం మారకుండా చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అది ఆఫీసు గోడకు ఎక్కుతుంది. ఇంట్లో వ్యతిరేకత ఉన్న జంటకు ఆ నెలరోజులే గండం.

జనాభా లెక్కలకు మాత్రం ఈ భయాలు అక్కర్లేదు. 1948 నాటి చట్టం ప్రకారం మనం చెప్పిన వివరాలు రహస్యం, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. చెప్పిందే రాయాలి గానీ పేరు చూసి ఊహించి రాయకూడదు. మాతృభాషకూ మతానికీ ముడిపెట్టవద్దని కూడా ఎన్యూమరేటర్లకు సూచన ఉంది. ఆ సూచన సరిహద్దు తెలుగువాళ్ల కోసమే రాసినట్టుంది.

పెద్దాయన ప్రశ్నకు

2011 లెక్కల్లో తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా జనం తెలుగు మాతృభాష అని రాయించారు. వీళ్లలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, దూదేకుల వాళ్లున్నారు, ఏమీ నమ్మనివాళ్లూ ఉన్నారు. రామమందిరమొక్కటే తెలుగుకు ఇల్లయితే వీళ్లలో చాలామంది ఎప్పుడూ బయటే నిలబడి ఉన్నట్టు. ఆ మందిరం ఇన్నాళ్లు భాషను కాపాడింది, దానికి దండం పెట్టాల్సిందే. కానీ దాని పక్కన అందరూ కూర్చునే ఇంకో అరుగు కూడా కావాలి. చిన్న గ్రంథాలయమైనా, ఆదివారం పూట తెలుగు బడయినా, పద్యనాటకం వేసుకునే హాలైనా సరే. మతం వదిలిన మనవడు అక్కడికైతే వస్తాడు.

2027 జనాభా లెక్కలకు కేంద్రం 2025లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మన గుమ్మంలో ఆ రెండు గడులూ మళ్లీ అడుగుతారు. మతం గడిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చు. పక్కవాళ్ల తరఫున మాత్రం మనం చెప్పొద్దు. ఇంట్లో పెద్దాయన ఒకటి చెప్పి, మనవడు ఇంకోటి చెబితే కొంప మునగదు.

ఇది ఫోన్లో చెబితే బరంపురం పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "సరేలే, వాడి గడిలో వాడికి నచ్చింది రాయించుకోమను. రెండో గడిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే ఉండాలి" అన్నారు.