న్యాయవాదవృత్తియు, మన బాలికలును



మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవన్న మన గుంటూరు, ప్రకాశము మండలములలోని కల్లములన్నియు ఎఱ్ఱని దుప్పట్లు పరచినట్లుండును. మిరపకాయలు టిక్కీలలో నిండి గుంటూరు యార్డునకు పోవును. ప్రత్తి బేరములు ముగియును. వచ్చిన సొమ్ములో కొంత బాకీలకును, కొంత కౌలునకును, కొంత ఎరువుల అంగడికిని పోగా, మిగిలినది యొక్కొక్కచో ప్రోనోటుమీద చేతులు మారును. ఈ కాగితములతో మనకేమి పని యని మనము తలంచుచుందుము. కాని యింటి యజమాని కన్నుమూసిన నాడు ఆ కాగితముల మూట వచ్చి పడునది మన యొడిలోనే.

మా వీధిలో నొక యిల్లాలు గలదు. ఆమె భర్త మిరప యమ్మిన సొమ్ములో రెండు లక్షల రూపాయలు తెలిసిన వర్తకునికి ప్రోనోటుమీద నిచ్చి, ఏడాది తిరుగక మునుపే స్వర్గస్థుడయ్యెను. ఆమె యా కాగితమును దేవుని పటము వెనుక దాచి, పంట పంటకును పోయి యడుగుచుండెను. "వచ్చే పంటకు ఇస్తానమ్మా, మీ సొమ్మెక్కడికి పోతుంది?" అని యాతడు మర్యాదగనే చెప్పుచుండెను. నాలుగవయేట నామె ప్లీడరు నొద్దకు పోగా, ఆయన తేదీ చూచి కాగితము మడిచి తిరిగి యిచ్చివేసిరి. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రోనోటునకు, వ్రాసిన నాటినుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెను. ఆ గడువులోపల ఋణస్థుడు బాకీ యున్నదని వ్రాసి సంతకము చేసినను, కొంత చెల్లించి చెల్లు వ్రాసి సంతకము పెట్టినను, అప్పటినుండి గడువు మరల మొదలగును. నోటిమాట మాత్రము ఎన్ని పంటలు చెప్పినను లెక్కకు రాదు.

ఆ సాయంకాలము ఆమె మా యరుగుమీద కూర్చుండి ఏడ్చుచుండగా మా పెద్దమ్మాయి వినుచుండెను. అది ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము చదువుచున్నది. "ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళు మన వీధిలో ఒక్కరైనా లేకపోయారా అమ్మా?" అని యడిగెను. వారము దినములు గడచిన పిమ్మట, తాను న్యాయశాస్త్రము చదివెదనని చెప్పెను.

మా యింట పెద్ద చర్చయే జరిగినది. "ఆడపిల్లకు తగవులమారి చదువెందుకే?" అని మా అత్తగారు. "నల్లకోటు తొడిగిన మర్నాడే కక్షిదారులు రారు. అయిదేళ్ళ చదువు, ఆపైన మూడు నాలుగేళ్ళ ఎదురుచూపు. అంతవరకు మనం మోయగలమా?" అని మా వారు. వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. జీతమునకు మించిన లెక్క వేయుట వారికి తెలియదు. ఈ రెండు ప్రశ్నలకును మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. కావున కొన్ని మాసములు చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించిన సంగతులను మీ ముందుంచుచున్నాము.

అత్తగారి ప్రశ్న మొదట. నిండు సభలో ద్రౌపది యడిగినది కన్నీటి మాట కాదు, న్యాయప్రశ్న. తన్ను తానోడిన వానికి భార్యను పణముగా నొడ్డు నధికార మెక్కడిదని యామె యడిగెను. భీష్మాదులును తేల్చి చెప్పజాలకపోయిరి. తిక్కన కాలమువాడగు కేతన, మితాక్షరను తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా రచించెను. వ్యవహారధర్మము తెలుగువారికి తెలుగున నందవలెనని పదమూడవ శతాబ్దముననే తలచినవారున్నారు. ఇట్టి విద్యను తగవులమారి దనుట తగదు. తగవు రాకమునుపే కాగితము సరిచూచుట ఇందు సగము పని.

ఈ వృత్తిద్వారము స్త్రీలకు సులభముగా తెరచుకొనలేదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహయు, 1921లో పాట్నాలో సుధాంశుబాల హాజ్రాయు ప్లీడర్లుగా చేరుట కనుమతి కోరగా, స్త్రీలగుటచేతనే హైకోర్టులు నిరాకరించినవి. 1923లో ప్రత్యేకముగా చట్టము చేసిన పిమ్మటగాని ఆ యడ్డు తొలగలేదు. మన తెలుగునాట, రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి గారు ఎనిమిదేండ్ల ప్రాయముననే పెండ్లియై, పిదప ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, వెలికివచ్చి చదువు సాగించి, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. అప్పటి గుంటూరు జిల్లాలోని అప్పికట్ల గ్రామమున 1928లో జన్మించిన అమరేశ్వరి గారు 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున తొలి మహిళా న్యాయమూర్తి యైరి. అప్పికట్ల మన పల్లెలవంటి పల్లెయే.

ఇక మా వారి ప్రశ్న. దీనికి ప్రత్యుత్తరము ఒంగోలులోనే దొరకినది. టంగుటూరి ప్రకాశము గారు 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. పదునొకండవయేట తండ్రిని గోల్పోయిరి. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లలను పోషించి చదివించిరి. వారు మొదట రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున పనిచేసి, 1904లో ఇంగ్లండున కేగి బారిస్టరై 1907లో తిరిగివచ్చిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైరి. వారి పేరనే మన పొరుగు జిల్లా వెలసినది. ఆ గొప్పతనమునకు పునాది యొక తల్లి వంటయింటి పొయ్యి. నాడొక తల్లి కుమారునికై చేసిన దానిని నేడు మనము కుమార్తెకై చేయజాలమా?

ఇప్పుడు మార్గమును చెప్పెదము. ఇంటర్మీడియటు తరువాత అయిదేండ్ల కోర్సు; డిగ్రీ తరువాత మూడేండ్ల కోర్సు. రెంటికిని మన రాష్ట్రమున లాసెట్ పరీక్ష వ్రాయవలెను. విశాఖపట్టణమున 2008లో వెలసిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయవిశ్వవిద్యాలయము వంటి వానికి క్లాట్ అను పరీక్ష వేరుగా గలదు. అంత దూరము పంపలేనివారికి గుంటూరులోను, ఒంగోలులోను న్యాయకళాశాలలున్నవి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునను ఈ చదువు గలదు. హైకోర్టును 2019 నుండి మన గుంటూరు చెంతనే అమరావతిలో నున్నది. కళాశాల నెన్నుకొనునపుడు దానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు కలదో లేదో విచారింపుడు. గుర్తింపు లేనిచో పట్టము చేతికి వచ్చినను కోర్టు మెట్లెక్కుట దుర్లభము.

పట్టము వచ్చిన పిదప రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, అఖిలభారత బార్ పరీక్షలో నుత్తీర్ణులు గావలెను. నమోదునకు 750 రూపాయలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారినుండి 125 రూపాయలకును మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. జూనియరు సివిలు జడ్జి పరీక్షకు కనీసము మూడేండ్ల యనుభవ ముండవలెనని 2025 మే 20న ఆ న్యాయస్థానమే తీర్మానించినది. కావున చదువు ముగిసిన మరునాడే జడ్జి యగునన్న యాసతో బాలికను పంపరాదు.

వృత్తిజీవితము పట్టము వచ్చిన పిమ్మట మొదలగునని తలచుట పొరపాటు. చదువు కాలముననే దానికి నారు పోయవలెను. అయిదేండ్ల కోర్సువారికి ఇరువది వారములు, మూడేండ్ల వారికి పండ్రెండు వారములు, న్యాయవాదుల నొద్దనో మరియొక తగిన చోటనో పని నేర్చుట నియమము. దానిని ధ్రువపత్రము కొఱకుగాక, పని కొఱకే చేయవలెను. కోర్టులో నొక సివిలు, ఒక క్రిమినలు విచారణ చూచి వ్రాయుటయు పాఠ్యములో భాగమే. వాదన యెట్లు సాగినదను దానికన్న, వాయిదా యేల పడినది, ఏ కాగితము లేకపోయినది, సాక్షి యెక్కడ తడబడెను అను వానిని పుస్తకములో వ్రాసికొనిన బాలికకు రెండేండ్లలో నల్లకోటు భయము పోవును.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా విద్యార్థులును చేరవచ్చును. 1987 నాటి చట్టము ననుసరించి, ఆదాయముతో నిమిత్తము లేకుండ ఏ స్త్రీయైనను ఉచిత న్యాయసహాయము పొందవచ్చును. ఈ యొక్క సంగతిని పదిమందికి చెప్పుటయు చిన్న సేవ గాదు.

పాతపుస్తకములు కొనునపుడొక జాగ్రత్త. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి, క్రిమినలు విచారణ, సాక్ష్యముల చట్టములు మూడును మారినవి. చవుకయని పాత ప్రతులు కొని కంఠస్థము చేసిన శ్రమ వ్యర్థమగును.

ఇంగ్లీషు రాదని వెనుదీయు బాలికలున్నారు. హైకోర్టు తీర్పులు చదువుటకు ఇంగ్లీషు కావలసినదే. దినమున కొక తీర్పు చదివిన అదియే యలవడును. అయినను సాక్షుల మాటలు, విక్రయ దస్తావేజులు, పంపకపు కాగితములు తెలుగులోనే యుండును. పద్యములో నొక విభక్తి మారిన అన్వయము చెడునట్లు, దస్తావేజులో నొక హద్దు తప్పిన అరయెకరము పోవును. తెలుగు చక్కగా చదువగలుగుట జిల్లా కోర్టులో తక్కువ యర్హత గాదు.

పనికిని కొదవ లేదు. మొలవని విత్తనములు కొని నష్టపడిన రైతు వినియోగదారుల న్యాయస్థానము నాశ్రయింపవచ్చునని 2012లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ వ్యాజ్యమున నున్నవారు మన తెలుగు రైతులే. ఉమ్మడియాస్తిలో కుమార్తెలకు సమభాగము నిచ్చు చట్టము మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియే యమలునకు వచ్చెను. నాటికి పెండ్లియైన వారికి మాత్రమది వర్తింపలేదు. 2005లో దేశమంతటను ఆ హక్కు వచ్చినది. పెండ్లియైన వారికిని కలిగినది. అయినను పసుపుకుంకుమల పేరిట కొంత పుచ్చుకొని, చదువకయే సంతకము చేసిన సోదరీమణులు మన యిండ్లలో ఎందరో గలరు.

మొదటి మూడేండ్లు కష్టమన్న మాట నిజము. సీనియరు నొద్ద జూనియరునకు బస్సు చార్జీలకు సరిపడు సొమ్మే చిక్కు దినములుండును. అయితే మిరప నారు పోసినది మొదలు కాయ కోతకు వచ్చువరకు నెలల తరబడి పెట్టుబడి పెట్టి వేచియుండు ఇండ్లు మనవి. కుమారునికి అంగడి పెట్టించి మొదటి రెండేండ్ల నష్టమును మాటాడక మ్రింగుదుము. కుమార్తెకు మాత్రము మొదటి నెలలోనే రాబడి యేదని యడుగుదుము. అన్యాయ మచ్చటనే యున్నది.

తుదకు మా యింట నొక నిర్ణయము జరిగినది. అమ్మాయి పెండ్లికని కట్టుచున్న చీటీ పాడిన సొమ్ములో సగము, ఆమె జూనియరుగా నుండు మూడేండ్ల తిండికిని, బస్సునకును, పుస్తకములకును వేరుగా నుంచెదము. మా వారే ఆ లెక్కను తమ చేతితో వ్రాసి సంతకము చేసిరి. అత్తగారు, "తేదీ వేశావట్రా?" అని యడిగిరి.

సోదరీమణులారా, మీ బాలిక న్యాయశాస్త్రము చదువుట, చదువకుండుట మీ యిష్టము. కాని నేటి రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట పెట్టె తెరచి, మీ యింటి కాగితముల మీది తేదీలను ఒక్కమారు చూడుడు. ఆ సమయమున మీ యమ్మాయి ప్రక్కన కూర్చుండి ప్రశ్న లడిగినచో విసుగుకొనకుడు.