మెట్ట సీమ నడినెత్తిన పేలిన చుక్క

2022 అక్టోబరు 9, ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి. సాయంత్రం 6 గంటల 47 నిమిషాలు. నందిగామ, జగ్గయ్యపేట వాసుల నెత్తిన, కాస్త పడమరగా, శ్రవణ నక్షత్రానికీ అభిజిత్తుకూ నడుమ ఒక పేలుడు వెలిగింది. ఇప్పటిదాకా లెక్కకెక్కిన గామా కిరణ పేలుళ్లలో అంత ప్రకాశవంతమైనది ఇంకొకటి లేదు. పేరు జీఆర్‌బీ 221009ఏ. ఆ వేళప్పుడు హైవే మీద పోయే బస్సుల్లో ఎవరు తలెత్తి చూసినా లాభం లేదు. గామా కిరణాలు కంటికి ఆనవు, నేల దాకా రావు. గాలి పొరలే మింగేస్తాయి.

కబురు మొదట అందింది ఫెర్మి ఉపగ్రహానికి. మరో నాలుగు నిమిషాలకు అసలు ఉప్పెన వచ్చింది. ఆ ధాటికి పరికరాల లెక్కే తప్పింది. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అది! భూమి పైనున్న అయనోస్పియర్‌ను కొన్ని గంటల పాటు కలచివేసింది. భారతదేశంలో పిడుగులను పసిగట్టే యంత్రాలు కూడా ఉలిక్కిపడ్డాయి. ఆశ్చర్యమేం లేదు, ఆ క్షణాన పేలుడుకు సరిగ్గా కిందున్నది గుజరాత్ తీరానికి దిగువన అరేబియా సముద్రమే. ఇలాంటిది పదివేల ఏళ్లకోసారి వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఈసారి వంతు మన ఆకాశానిది.

పేలుడు క్షణాల్లోనో నిమిషాల్లోనో ముగుస్తుంది. తర్వాత మిగిలే కాంతి ఎక్స్ కిరణాల్లో, మామూలు వెలుగులో, రేడియో తరంగాల్లో క్రమంగా సన్నగిల్లుతుంది. దూరం, పుట్టుక తేల్చేది ఆ అనంతర కాంతే. స్విఫ్ట్ ఉపగ్రహం దాదాపు గంట ఆలస్యంగా దీన్ని గుర్తించినా, అప్పటికీ అది ఎంత ప్రకాశంగా ఉందంటే, మన పాలపుంతలోనిదేనేమో అని మొదట పొరబడ్డారు. దొంగను పక్కింట్లో వెతికారన్నమాట. దారిలోని ధూళి మీద చెదిరిన ఎక్స్ కిరణాలు చుట్టూ వలయాలు గీశాయి. యూరప్ వారి ఎక్స్ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం 20 వలయాలు లెక్కపెట్టింది.

తొలి గామా పేలుడును 1967 జులై 2న అమెరికా వేలా ఉపగ్రహాలు పట్టాయి. అవి వెతుకుతున్నది అణుపరీక్షలను! సంగతి లోకానికి చెప్పింది 1973లో. తొలి అనంతర కాంతి దొరికింది 1997 ఫిబ్రవరి 28న, బెప్పోసాక్స్ ఉపగ్రహానికి. దూరంలో పేరెన్నికగన్నది 2009 ఏప్రిల్ 23 నాటిది, దాని వెలుగు ప్రయాణం సుమారు 1,300 కోట్ల ఏళ్లు.

పరికరం లేకుండా కంటితో చూడగలిగింది ఒక్కటుంది. 2008 మార్చి 19న, 750 కోట్ల ఏళ్ల నాటి వెలుగు అర నిమిషం పాటు కంటికి ఆనేంతగా మెరిసింది. మనకప్పుడు పగలు పదకొండు ముప్పావు. ఆ అదృష్టం రాత్రి వేళలో ఉన్న వాళ్లది.

శ్రీహరికోట కథ వేరు. గామా పేలుళ్ల పరికరంతో స్రాస్-సీ2 ఉపగ్రహం అక్కణ్నుంచి 1994 మే 4న ఎగిరింది. 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ వెళ్లింది. దాని సీజెడ్‌టీఐ పరికరం అక్టోబరు 6న కన్ను తెరిచిన రోజే ఒక పేలుడును పట్టేసింది. 2022కు ఆ లెక్క 500, మరుసటి ఏడాదికి 600. రికార్డు కన్నా నాకు ఇదే ఎక్కువ, ఎందుకంటే ఇందులో అదృష్టం పాలు తక్కువ.

ఇక మా జగ్గయ్యపేటకు దగ్గరైన ముచ్చట. 2017 ఆగస్టు 17, సాయంత్రం 6:11. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న కబురు అందింది. గురుత్వ తరంగాలు ముందొచ్చాయి, 1.7 సెకన్లకు గామా మెరుపు వచ్చింది. దూరం 13 కోట్ల కాంతి సంవత్సరాలు, ఈ లెక్కల్లో గుమ్మం ముందే. దాని ఎక్స్ కిరణాలు తొమ్మిది రోజులకు గానీ కనిపించలేదు. పైగా తగ్గాల్సింది పోయి, అయిదు నెలల దాకా పెరుగుతూ పోయాయి. అక్కడ బంగారం, ప్లాటినం లాంటి బరువైన లోహాలు పుట్టాయని తేలింది.

బంగారం ఆకాశం నుంచి వచ్చిందన్న మాట జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం శిల్పి రెండు వేల ఏళ్ల కిందటే చెక్కాడు. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. నలుచదరపు నాణేలు! ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పేట వాళ్లకైనా అది చూడాలంటే రైలెక్కక తప్పదు.