స్పీకర్లు మార్చే ముందు మీ గదిని ఒకసారి వినండి

"అన్నా, 20 వేలు పెట్టి ఆంప్లిఫయర్, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నా. బేస్ ఒకటే బుంయ్‌మంటోంది, పాటలో మాట అర్థం కావట్లేదు. ఏ స్పీకర్లు తీసుకోమంటావ్?" నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: ఇప్పుడే ఏమీ కొనొద్దు. ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు తేడా వచ్చేది గది వల్లే.

నల్లజర్లలో మా ముందు గదినే తీసుకోండి. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు. తాడేపల్లిగూడెం వెళ్లినా, ఏలూరు వెళ్లినా కొత్త ఇళ్లలో గదులు చాలావరకు ఇలాగే ఉంటాయి. పాత పెంకుటింట్లో అయితే సందుల్లోంచి బేస్ కొంత బయటికి పోయేది. స్లాబు ఇంట్లో దానికి దారి లేదు, గోడకీ గోడకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది.

లెక్క చాలా సింపుల్. మన ఎండలకి గాలిలో శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు వెళ్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. 349ని 3.66కి రెట్టింపుతో, అంటే 7.32తో భాగిస్తే దాదాపు 48 హెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీ వచ్చిన ప్రతిసారీ గది దాన్ని పట్టుకుని మోగిస్తుంది. పొడవూ వెడల్పూ ఒకటే అయితే ఆ రెండు మోతలూ ఒకే చోట పడతాయి, అందుకే చదరపు గది అంత ఇబ్బంది. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి సరిగ్గా దాని దారిలోనే ఈ మోత ఉంది. మీ గదిలో ఎక్కడుందో తెలియాలంటే ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసి, తక్కువ వాల్యూమ్‌లో 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ వెళ్లండి. ఎక్కడ ఒక్కసారిగా ఉబ్బినట్టు వినిపిస్తుందో ఆ నంబర్ రాసుకోండి.

ఇప్పుడు స్పీకర్లు జరపండి. మూలలో పెట్టిన స్పీకర్ బేస్‌ని ఇంకా పెంచుతుంది. షోకేసు అరలో దూర్చినా అంతే. వెనక గోడ నుంచి రెండు అడుగులు ముందుకి లాగి, రెండింటి మధ్య ఐదారు అడుగులు వదలండి. ట్వీటర్ మీ చెవి ఎత్తుకి రావాలి, దానికి బరువైన చెక్క స్టూళ్లు చాలు. మీరు కూర్చునే కుర్చీ వెనక గోడకి ఆనించి ఉందా? 48 హెర్ట్జ్ మోత అన్నిటికంటే గట్టిగా ఉండేది అక్కడే. పోనీ అని గదికి నట్టనడుమ కూర్చుంటే అదే స్వరం దాదాపు మాయమైపోతుంది. వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టి, అటూ ఇటూ అరడుగు జరుగుతూ వినండి. పైసా ఖర్చు లేని పని, కానీ ఆంప్లిఫయర్ మార్చినదానికంటే ఎక్కువ తేడా వస్తుంది.

తర్వాత టైల్స్, గోడల సంగతి. చప్పట్లు కొడితే ‘టింగ్’మని తిరిగొస్తోందా? మాట మసకబారేది దానివల్లే. మీరు వినే చోట కూర్చుని, తమ్ముణ్ణో చెల్లినో పక్క గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోట మందపాటి బొంత వేలాడదీయండి. ముందు నేల మీద తివాచీ పరచండి. ఏలూరు ఉన్ని తివాచీలకి పేరున్న ఊరు, ఇంట్లో పాతదొకటి మడతపెట్టి ఉంటే బయటికి తీయండి.

కానీ వీటితో బేస్ మోత తగ్గుతుందని అనుకోవద్దు. 48 హెర్ట్జ్ అల పొడవు ఏడు మీటర్ల పైనే, కర్టెన్లు దాన్ని ఏమీ చేయలేవు. మా వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి గుడ్ల అట్టలకి కొదవ లేదు, కొందరు వాటిని గోడల నిండా అంటించేస్తారు. పై స్వరాల మీద కొంచెం ప్రభావం ఉంటుందేమో గానీ బేస్ మీద సున్నా. పైగా నిప్పంటుకుంటే అదొక ప్రమాదం. జరిపాక కూడా మోత మిగిలితే ఈక్వలైజర్‌లో మీరు రాసుకున్న నంబర్ దగ్గర 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. మాయమైన స్వరాన్ని మాత్రం పెంచి నింపాలని చూడకండి, ఆంప్లిఫయర్ మీద భారం తప్ప ఏమీ రాదు.

వైరింగ్ చెక్ చేయడానికి నా పద్ధతి పాత పాటలు. ‘మాయాబజార్’ (1957) కాలం పాటలు మోనోలో రికార్డయ్యాయి. స్టీరియోగా మార్చని వెర్షన్ పెడితే ఘంటసాల గొంతు రెండు స్పీకర్లకి సరిగ్గా మధ్యలోంచి రావాలి. ఎక్కడినుంచో తెలియకుండా, పల్చగా వస్తుంటే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయినట్టే. వైరు కోసం వేలు తగలేయొద్దు. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది పదిహేను అడుగులకి బ్రహ్మాండంగా సరిపోతుంది.

పాట ఆపినా సన్నగా ‘ఊఁ’ అని హమ్ వస్తుంటే అది గది వల్ల కాదు, 50 హెర్ట్జ్ కరెంటు వల్ల. టీవీకి వచ్చే కేబుల్ వైరు, ల్యాప్‌టాప్ ఛార్జర్ ఒక్కొక్కటే పీకి చూడండి, ఏది తీస్తే ఆగిందో తెలిసిపోతుంది. అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇస్తే చాలాసార్లు పోతుంది. హమ్ తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ పిన్ విరిచేయమంటే మాత్రం వినకండి, షాక్ కొట్టకుండా కాపాడేది అదే. ఇంటికి అసలు ఎర్తింగ్ లేకపోతే, కొత్త స్పీకర్లకి దాచిన డబ్బులో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి అది వేయించండి.