కేసు తేలేదాకా ఆగక్కర్లేదు: హింసకు గురైనవారికి అందే సాయం, పరిహారం

మీరు తార్నాక మెట్రో దిగి ఓయూ హాస్టల్‌కు నడిచివెళ్లే విద్యార్థిని కావచ్చు. తార్నాకలో నాలుగు ఇళ్లల్లో పని చేసుకునే అక్క కావచ్చు. ఏదైనా జరగరానిది జరిగితే మొదట వచ్చే ఆలోచన ఒకటే: "చెబితే ఏమవుతుందో? ఇంట్లో చదువు మాన్పిస్తారేమో. ఉన్న పని పోతుందేమో. కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో!" ఈ భయంతో మీరు ఆగిపోతే, మీకు రావాల్సిన సాయం కూడా అక్కడే ఆగిపోతుంది.

అందుకే ముందుగా ఒక మాట. నేరం చేసినవాడు దొరికాకే, శిక్ష పడ్డాకే సాయం అందుతుందని చట్టంలో ఎక్కడా లేదు.

ఎవరు ఆదుకుంటారు?

హింసను ముందే ఆపడానికి 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. బాధితులను ఆదుకోవడానికి 2016లో భరోసా కేంద్రం వచ్చింది. ఇది అసెంబ్లీ దగ్గర హాకా భవన్‌లో ఉంది. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా, వాంగ్మూలం నమోదు అన్నీ ఒకే చోట జరుగుతాయి. జరిగిన సంగతి పది మంది ముందు పదిసార్లు చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. రాష్ట్ర పోలీసు శాఖలోని మహిళా భద్రతా విభాగం వీటిని చూసుకుంటుంది. గృహహింస బాధితులకు సఖి కేంద్రాలున్నాయి.

మొదటి రోజు ఏం చేయాలి?

• దెబ్బలు తగిలితే ముందు ఆసుపత్రికి వెళ్లండి. లైంగిక దాడి, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రే కాదు, ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా చికిత్స చేయాలి. కాదంటే అది నేరం. పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదే.
• ఘటన ఉప్పల్‌లో జరిగినా ఓయూ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు.
• ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోండి, భద్రంగా దాచుకోండి.
• దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా మీకు చెప్పాలి.
• లైంగిక దాడి బాధితుల పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారికీ ఇది వర్తిస్తుంది.

పరిహారం ఎంత?

మహిళల కోసం జాతీయ న్యాయ సేవా సంస్థ రూపొందించి, సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన పథకం ప్రకారం:

• అత్యాచారం: 4 నుంచి 7 లక్షలు
• సామూహిక అత్యాచారం: 5 నుంచి 10 లక్షలు
• యాసిడ్ దాడిలో ముఖం దెబ్బతింటే: 7 నుంచి 8 లక్షలు
• ప్రాణం పోతే కుటుంబానికి: 5 నుంచి 10 లక్షలు
• పునరావాసం అవసరమైనంత తీవ్రమైన శారీరక గాయం లేదా మానసిక వేదన: 1 నుంచి 2 లక్షలు

యాసిడ్ దాడి కేసుల్లో లక్ష రూపాయలు 15 రోజుల్లోగా ఇవ్వాలి. మిగతా కేసుల్లోనూ తుది నిర్ణయానికి ముందే మధ్యంతర సాయం అడగొచ్చు. పురుషులకు కూడా 2015 నాటి తెలంగాణ బాధితుల పరిహార పథకం వర్తిస్తుంది.

దరఖాస్తు ఎలా?

జిల్లా న్యాయ సేవా సంస్థకు దరఖాస్తు ఇవ్వాలి. దానితో ఎఫ్‌ఐఆర్ కాపీ లేదా కోర్టులో వేసిన ఫిర్యాదు కాపీ, ఉంటే వైద్య నివేదిక జతచేయాలి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కాబట్టి "పని చేయించి పెడతా" అనే మధ్యవర్తులకు పైసా కూడా ఇవ్వొద్దు. రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది.

ఘటన జరిగి నెలలు గడిచాయా? మహిళల పథకంలో మూడేళ్ల వరకు గడువుంది. నిందితుడెవరో తెలియకపోయినా దరఖాస్తు చేసుకోవచ్చు.

క్యాంపస్‌లో, పనిచోట వేధిస్తే?

విద్యార్థినులు, ఉద్యోగినులు విశ్వవిద్యాలయంలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇళ్లల్లో పనిచేసేవారి కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. కమిటీకి ఇచ్చారు కదా అని పోలీసు ఫిర్యాదు హక్కు పోదు. రెండూ చేయొచ్చు.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

• అత్యవసరం: 100 లేదా 112. రాత్రి ఆటో, క్యాబ్ ఎక్కినప్పుడు ఇదే నంబరుకు చేసి 8 నొక్కితే టీ-సేఫ్ ద్వారా మీ ప్రయాణాన్ని పోలీసులు గమనిస్తారు. మామూలు ఫోన్‌తోనూ పనిచేస్తుంది.
• మహిళల సహాయం: 181
• పిల్లల సహాయం: 1098
• ఉచిత న్యాయ సహాయం: 15100

ఇప్పుడు మీకు అవసరం లేకపోవచ్చు. మీ పక్క గదిలో ఉన్న అమ్మాయికో, మీ ఇంటికి పనికి వచ్చే అక్కకో అవసరం ఉండొచ్చు. ఈ పీడీఎఫ్ వాళ్లకు పంపండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

– జిల్లా పౌర సంబంధాల అధికారి, హైదరాబాద్