మూత్రపిండముల వ్యాధి - ఇల్లాలి వంతు

ఇంటిలో ఎవరికి ఏ మందు ఏ వేళకు ఇయ్యవలెనో ఇల్లాలికి తెలిసినట్లు మఱెవరికిని తెలియదు. మామగారి రక్తపుపోటు మాత్ర, అత్తగారి చక్కెర మాత్ర, పిల్లవాని దగ్గుమందు - అన్నియు ఆమె లెక్కలోనివే. ఆ లెక్కలో ఆమె పేరు మాత్రము సాధారణముగా కానరాదు. ఏ వ్యాధి విషయమునందైనను ఇది నష్టమే గాని, మూత్రపిండముల వ్యాధియందు ఈ నష్టము మఱింత పెద్దది. ఏలనన అది నొప్పి లేకుండ వచ్చును. బయటపడునప్పటికి చాలవఱకు తన పని ముగించియుండును. ఆ వ్యాధినిగూర్చియు, డయాలిసిసును గూర్చియు, మూత్రపిండ దానమును గూర్చియు మన సోదరీమణులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని ఇచ్చట వ్రాయదలచితిమి.

మూత్రపిండములు రెండు. వెన్నెముక కిరుప్రక్కల, క్రింది ప్రక్కటెముకల చాటున నుండును. ఒక్కొక్కటి పిడికిలియంత. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు గలవు. ఇవి దినమునకు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు పనికివచ్చునదంతయు మరల రక్తమునకే ఇచ్చివేసి, ఒకటిన్నర లీటరు, రెండు లీటర్లు మాత్రము మూత్రముగా బయటికి పంపును. అంతేకాదు. రక్తము ఊరుటకును, ఎముకలు గట్టిపడుటకును, రక్తపుపోటు అదుపులో నుండుటకును వలసిన పదార్థములను గూడ ఇవియే సిద్ధము చేయును. కావుననే ఇవి చెడినవారు పాలిపోవుదురు. ఎముకలు నొప్పియని చెప్పుదురు.

చిక్కు ఇచ్చటనే యున్నది. పాలిపోయిన స్త్రీని చూచి "రక్తము తక్కువ, ఇనుము మాత్రలు మ్రింగుము" అందురు. ఆయాసపడినచో "పని యెక్కువైనది" అందురు. ఉదయమున ముఖము ఉబ్బి, సాయంకాలమునకు పాదములు వాచినచో "రోజంతయు నిలువుకాళ్ల పని గదా" అని ఆమెయే సమాధానము చెప్పుకొనును. ఆకలి మందగించుట, వికారము, ఒడలు దురద, రాత్రి పలుమాఱులు మూత్రమునకు లేచుట, మూత్రము నురుగు కట్టుట - వీనిలో ఏ యొక్కటియు భయపెట్టునది కాదు. అన్నియు కూడినప్పుడే అర్థమగును. పురుషునికి ఇవి వచ్చిన ఆసుపత్రికి తీసికొనిపోవువారుందురు. స్త్రీకి వచ్చిన, పండుగ వెళ్లిన తరువాత చూతమందురు.

పరీక్షలు రెండే, రెండును చౌక. మూత్రములో ఆల్బుమిను అను మాంసకృత్తు పోవుచున్నదా యని చూచుట యొకటి. రక్తములో క్రియాటినిను ఎంత యున్నదని చూచుట రెండవది. ఈ రెండవదానిలో స్త్రీలు ప్రత్యేకముగా ఎఱుగవలసిన మెలకువ యొకటి గలదు. క్రియాటినిను కండరములనుండి పుట్టు మలినము. కండ తక్కువగల శరీరమున అది తక్కువగనే పుట్టును. అరువది యేండ్ల పురుషునికిని, అరువది యేండ్ల స్త్రీకిని క్రియాటినిను సరిగా 1.3 ఉన్నదనుకొందము. నేడు డాక్టరులు వాడు సూత్రముచొప్పున లెక్కవేసినచో, ఆ పురుషుని మూత్రపిండములు నిమిషమునకు సుమారు 63 మిల్లీలీటర్లు వడగట్టుచున్నట్లు తేలును. ఆ స్త్రీవి 47 మాత్రమే. 60 కంటె తగ్గి మూడు నెలలు నిలిచినచో దీర్ఘవ్యాధియని నిర్ణయము. అనగా ఒకే యంకె ఆయన యెడల దాదాపు క్షేమము, ఆమె యెడల వ్యాధి. కాగితముమీద "1.3 - కొంచెమే ఎక్కువ" అని చూచి మడిచి పెట్టిన యిండ్లు మేమెఱుగుదుము. కావున ఉత్త క్రియాటినినుతో తృప్తిపడక, "వడపోత లెక్క యెంత?" అని అడుగవలెను. వైద్యులకును మా మనవి యిదే: ఆ లెక్కను కాగితముపై వ్రాసి ఇండు, ఆమె నోట అడిగించుకొనకుడు.

ఎవరు ఈ పరీక్షలు చేయించుకొనవలెను? చక్కెరవ్యాధి, రక్తపుపోటు గలవారందఱును ఏటేట. మూత్రపిండములను చెఱచు కారణములలో ఈ రెండే పెద్దవి. గర్భిణిగా నున్నప్పుడు రక్తపుపోటు హెచ్చి, మూత్రమున ఆల్బుమిను పోయిన స్త్రీని కానుపుతో గండము గడచెనని మఱచిపోవుట మన యలవాటు. ఆమెకు పిమ్మటి యేండ్లలో రక్తపుపోటును, మూత్రపిండముల చెఱుపును వచ్చు అవకాశము తక్కినవారికంటె హెచ్చు. కీళ్లనొప్పులకు అంగడిలో కొని నెలల తరబడి మ్రింగు నొప్పిమాత్రలు మఱియొక కారణము. పాదరసము, సీసము కలిసిన కొన్ని భస్మములును ఇట్టివే; నాటుమందులో విషముండదను నమ్మకము మంచిది కాదు.

కారణము తేలని చోటును గలదు. శ్రీకాకుళము జిల్లాలో ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతమును ఉద్దానమందురు. కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు - ఉద్యానమువంటి నేల. అచ్చట చక్కెరవ్యాధి లేనివారికి, రక్తపుపోటు లేనివారికి, పొలమున కూలిచేసికొను ఆడువారికిని మగవారికిని మూత్రపిండములు చెడుచున్నవి. 2019లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి ఈ వ్యాధి కనబడినది. నీటినిగూర్చియు, ఎండలో దాహమోర్చి పనిచేయుటనుగూర్చియు, పురుగుమందులనుగూర్చియు పరిశోధకులు అనుమానించుచున్నారు. ఏదియు నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును తెఱవబడినవి. వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా ఆ గ్రామములకు తెచ్చిరి.

తొలిదశలో తెలిసిన వ్యాధిని చాల యేండ్లు ఆపవచ్చును. రక్తపుపోటును తగ్గించుచునే ఆల్బుమిను పోకుండ కాపాడు మందులు పూర్వమునుండి గలవు. చక్కెరవ్యాధికై వచ్చిన గ్లిఫ్లోజినులను మాత్రలు మూత్రపిండములను గూడ కాపాడునని ఇటీవలి సంవత్సరములలో ఋజువైనది. ఆలస్యమైనవారికే డయాలిసిసు.

ఈ డయాలిసిసు పుట్టుక వినదగినది. హాలెండుదేశమున కాంపెను అను చిన్నయూరి ఆసుపత్రిలో విలెం కోల్ఫు అను డాక్టరు, 1943లో, జర్మనుల యాక్రమణలో ఏ వస్తువును దొరకని దినములలో, మాంసము కూరి అమ్ముటకు వాడు సెలఫోను గొట్టమును కొయ్యపీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పెను. గొట్టములో రోగి రక్తము, వెలుపల ఉప్పునీరు, మలినము పలుచని పొరగుండ నీటిలోనికి దిగును. మొదటి రెండేండ్లలో చికిత్స పొందినవారిలో దాదాపు అందఱును మరణించిరి. 1945లో 67 ఏండ్ల స్త్రీ యొకతె బ్రదికెను. తెలివి వచ్చి ఆమె పలికిన మొదటిమాట తన భర్తకు విడాకులిత్తుననియేనని కోల్ఫుగారు తరువాత చెప్పుచుండెడివారు. పిమ్మట 1960లో అమెరికాలోని సియాటిలు నగరమున స్క్రిబ్నరు అను డాక్టరు, మాటిమాటికి కొత్త నరము వెదకనక్కఱలేకుండ, చేతికి గొట్టమమర్చెను. 1966లో న్యూయార్కు డాక్టరులు ఆ గొట్టము సయితము లేకుండ, చేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టు పద్ధతిని ప్రకటించిరి. దానినే ఫిస్టులా యందురు. నేటికిని అదియే ఉత్తమము.

ఫిస్టులా రోగికి ప్రాణనాడి. మీద వ్రేలు పెట్టిన జుమ్మని కదలిక తెలియును. ప్రతి ఉదయము దానిని చూచుకొనవలెను, కదలిక ఆగిన ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఆ చేతికి రక్తపుపోటు చూడనీయరాదు, సూది గ్రుచ్చనీయరాదు. ఆ చేతిమీద తల పెట్టి నిద్రించరాదు, నీళ్ల బిందె నెత్తరాదు. బిగుతైన గాజులు తొడుగరాదు. ఈ చివరి మాటకు పెద్దలు నొచ్చుకొందురు. రెండవచేతికి నిండుగా తొడిగికొనుమని చెప్పిన చాలును. సౌభాగ్యమునకు లోటు రాదు.

వారమునకు మూడుసారులు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు. ప్రతిసారియు సుమారు 120 లీటర్ల శుద్ధజలము ఆమె రక్తమునకు ఆవలిగట్టున ప్రవహించును. త్రాగుటకు మాత్రము ఆమెకు కొలత నీరే. మూత్రము తగ్గినవారికి మజ్జిగ, చారు, కాఫీ, పాయసము - అన్నియు ఆ కొలతలోనివే. ఉదయముననే ఒక చెంబులో ఆనాటి నీరు పోసి యుంచుకొనుట సులభోపాయము. దాహమును పుట్టించునది ఉప్పు. అందుచే ఆవకాయ, అప్పడము, వడియము మానవలెను. సోడియము లేని ఉప్పని అంగడిలో నమ్మునది పొటాసియముతో చేసినది, ఇంకను ప్రమాదము. పొటాసియము హెచ్చిన గుండె ఆగును. అరటిపండు, బత్తాయి, కొబ్బరినీరు ఇట్టివి. ఉద్దానమున వాకిటనే కాచిన కొబ్బరిబొండము ఆ రోగికి పనికిరాకుండుట ఎంత కష్టము! కూరగాయలను సన్నగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పాఱబోసి వండినచో పొటాసియము కొంత పోవును. మఱియొక సంగతి. డయాలిసిసుకు ముందు పప్పు, గ్రుడ్డు తగ్గించుమని డాక్టరులు చెప్పుదురు. మొదలుపెట్టిన తరువాత హెచ్చుగా తినుమందురు. ఈ రెండవమాట చెవినిబెట్టక పాతపథ్యమునే పట్టుకొని నీరసించు స్త్రీలు పెక్కురు.

2016 నుండి కేంద్రప్రభుత్వపు పథకముక్రింద జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచితముగా డయాలిసిసు జరుగుచున్నది. యంత్రము ఉచితమైనను ప్రయాణము ఉచితము కాదు, తోడు వచ్చువాని దినకూలియు ఉచితము కాదు. భర్తకు వ్యాధియైన భార్య వెంట పోవును. భార్యకు వ్యాధియైన ఒక్కొక్కప్పుడు ఆమె యొంటరిగా బస్సెక్కును. దూరముననున్నవారికి, కడుపులో మందునీరు నింపి కొంతసేపటికి తీయు వేఱొక విధమైన డయాలిసిసు ఇంటనే చేసికొనవచ్చును. దినమునకు మూడు నాలుగుసారులు చేయవలెను. చేతుల శుభ్రతయే దాని కాధారము. ఇది గలదని చాలమందికి చెప్పువారే లేరు.

ఇక దానము. 1954లో బోస్టనులో కవలసోదరుల నడుమ మొదటి మూత్రపిండపు మార్పిడి ఫలించినది మొదలు నేటివఱకు, ఈ వ్యాధికి ఇంతకంటె మంచి చికిత్స లేదు. మనదేశమున 2019 మొదలు 2023 వఱకు బ్రదికియున్నవారు చేసిన దానములు, మూత్రపిండములు కాలేయములు కలిపి, సుమారు 56,500. ఇచ్చినవారిలో స్త్రీలు సుమారు 36,000. పుచ్చుకొన్నవారిలో స్త్రీలు 17,000. తల్లి బిడ్డకిచ్చును, ఇల్లాలు భర్తకిచ్చును, అక్క తమ్మునికిచ్చును. ఈ ప్రేమను తక్కువచేసి మాటలాడము. డయాలిసిసుదాక వచ్చినవారిలో పురుషులే యెక్కువ యనుటయు, గర్భములు దాల్చిన స్త్రీ రక్తమున భర్త శరీరమును ఎదిరించు పదార్థములు పుట్టి, ఆయన మూత్రపిండము ఆమెకు నప్పకపోవచ్చుననుటయు నిజమే. కాని యీ రెండు కారణములతోనే అంతటి తేడా తీఱదు. "ఆయన సంపాదించువారు, ఆయన శరీరమునకు కత్తి తగులరాదు" అను మాట ఏ వైద్యగ్రంథమునందును లేదు; ఇండ్లలోనే యున్నది.

దాత క్షేమముగా బ్రదుకును, ఒకటితో చాలును. అయినను ఇంక బిడ్డలు కావలెనను యువతి యెఱుగవలసినది గలదు: దానము చేసిన స్త్రీలలో గర్భిణీదశ రక్తపుపోటు నూటికి 11 మందికిని, చేయని ఆరోగ్యవతులలో 5 మందికిని వచ్చినట్లు 2015లో ప్రకటితమైనది. ఎక్కువమందికి ఏమియు కాలేదు; కాని చెప్పి అడుగుట వేఱు, చెప్పక అడుగుట వేఱు.

చట్టము ఈ విషయమున మనకంటె ముందున్నది. 1994లో కేంద్ర చట్టము, 1995లో ఆంధ్రప్రదేశపు చట్టము వెలసినవి. తెలంగాణ శాసనసభ 2025లో కేంద్ర చట్టమును స్వీకరించినది. కేంద్రము 2014లో వ్రాసిన నియమములలో, దాత స్త్రీయైనచో మఱింత జాగ్రత్త వహింపవలెననియు, ఆమె స్వతంత్రముగా సమ్మతించినదని రోగి కాక వేఱొకరు ధ్రువపఱుపవలెననియు గలదు. కావున డాక్టరును ఏకాంతముగా చూచుటకు ఆమె కధికారమున్నది. అత్తగారు ప్రక్కన కూర్చుండ నక్కఱలేదు. శస్త్రచికిత్స గదిలో ప్రవేశించువఱకు వలదని చెప్పవచ్చును. కారణమును గుట్టుగా నుంచుమని డాక్టరును కోరవచ్చును. కోడలు, వదిన, మరదలు చట్టమున సమీపబంధువులు కారు. వారు ఇయ్యదలచినచో అనుమతి సంఘము విచారించును. భార్యాభర్తల రక్తము కలియనప్పుడు, అట్టి మఱియొక జంటతో దాతలను మార్చుకొను వీలును 2011 సవరణలో కల్పించిరి. భర్త తన భార్యకై ఈయదలచినను నప్పనప్పుడు ఇది మంచి త్రోవ. మరణించినవారి అవయవములకై జీవన్‌దాన్ పట్టికలో పేరు నమోదు చేయింపవచ్చును. డయాలిసిసు మొదలైన వెంటనే ఇంటి యాడుదాని పేరు గూడ అందు చేర్చవలెను.

ఇచ్చివేసిన తరువాత దాత ఏటేట రక్తపుపోటు, మూత్రములో ఆల్బుమిను, క్రియాటినిను చూపించుకొనవలెను. నొప్పిమాత్రలు మానవలెను. పుచ్చుకొన్నవాని కాగితములు ఒక సంచిలో భద్రముగా నుండును. ఆమె కాగితములకు వేఱొక సంచి కావలెను, దానిమీద ఆమె పేరుండవలెను.