అక్కడ మీకెవరైనా తెలుసా?

అమీర్‌పేటలో ఏ హాస్టల్‌ తలుపు తట్టినా ఇలాంటి కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. వాళ్లింట్లో డిగ్రీ చేసిన మొదటివాడు. మైత్రీవనం చుట్టుపక్కల తీసుకున్న కోచింగ్‌ అయిపోయింది. పొద్దున లేస్తూనే రెజ్యూమెలు పంపడం... రాత్రి పడుకోబోయే ముందు మెయిల్‌ చూసుకోవడం. జవాబు మాత్రం ఉండదు. ఇంటి నుంచి ఫోన్‌ వస్తే ‘ఇంకొక్క నెల ఆగు నాన్నా’ అంటాడు. పక్క మంచం కుర్రాడిదీ అదే కోర్సు, ఇంచుమించు అవే మార్కులు. కానీ అతనికి రెండో వారంలోనే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. తేడా ఒక్కటే... వాళ్ల కాలేజీ సీనియర్‌ ఆ కంపెనీలో పనిచేస్తున్నాడు.

‘అంతా పైరవీలే’ అని మొదటి కుర్రాడు నిట్టూరుస్తాడు. నిజంగా అంతేనా?

సిఫార్సు వేరు, రిఫరల్‌ వేరు

అర్హత లేనివాణ్ని పక్కదారిన తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేది సిఫార్సు. రిఫరల్‌ అలా కాదు. ఒక్క ఖాళీకి వందల రెజ్యూమెలు వచ్చిపడుతుంటే అన్నీ చదివే తీరిక హెచ్‌ఆర్‌ వాళ్లకు ఉండదు. అందుకే చాలా కంపెనీలు ‘మీకు తెలిసిన మంచివాళ్లుంటే చెప్పండి’ అని తమ ఉద్యోగులనే అడుగుతాయి. అలా చేరినవాళ్లు కొన్నాళ్లు నిలబడితే, చెప్పినవాళ్లకు బోనస్‌ కూడా ఇస్తాయి. రిఫరల్‌ చేసే సాయమల్లా రెజ్యూమెని ఆ కుప్పలోంచి పైకి తీయడమే. రాతపరీక్షా ఇంటర్వ్యూ ఎవరికి వాళ్లు గట్టెక్కాల్సిందే.

ఆమాటకొస్తే ఇది కంపెనీలు కనిపెట్టిన పద్ధతేమీ కాదు. పాలమూరు కూలీలు ఊరుగాని ఊళ్లో పనికి కుదిరింది తెలిసిన మేస్త్రీ వెంట వెళ్లే కదా! కరీంనగర్‌, నిజామాబాద్‌ పల్లెల నుంచి గల్ఫ్‌ వెళ్లిన ఒకడు అన్నదమ్ముణ్నో, బావమరిదినో పిలిపించుకుంటే, ఆ వెనకే మరొకరు విమానం ఎక్కారు.

అప్పుడప్పుడూ కలిసేవాళ్లే...

ఉద్యోగం కావాలంటే ముందు ఎవరిని అడుగుతాం? ప్రాణస్నేహితుణ్ని. కానీ మార్క్‌ గ్రానొవెటర్‌ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త లెక్క వేరు. బోస్టన్‌ పక్కనున్న న్యూటన్‌ పట్టణంలో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను ఆయన ప్రశ్నించారు. పరిచయస్తుల ద్వారా పని దొరికినవాళ్లలో, ఆ పరిచయస్తుణ్ని తరచూ కలుస్తుంటామని చెప్పినవాళ్లు నూటికి 17 మందే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడూ కలిసేవాళ్లు, ఏడాదికోసారో అంతకన్నా తక్కువగానో కనపడేవాళ్లు! 1973లో ఆయన ఈ సంగతి రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చల్లోకి వస్తూనే ఉంటుంది.

కారణం తేలికే. ఒకే గదిలో ఉండే నలుగురికీ తెలిసేది ఒకటే వార్త. మీకు తెలియని ఖాళీ మీ రూమ్మేటుకీ తెలియదు. వేరే ఊళ్లో, వేరే ఆఫీసులో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

2 కోట్ల మందితో పరీక్ష

2003లో మొదలైన లింక్డిన్‌ను 2016లో మైక్రోసాఫ్ట్‌ 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అప్పటికే ఆ సంస్థ పగ్గాలు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. ఆ లింక్డిన్‌లోనే ‘వీళ్లు మీకు తెలిసి ఉండొచ్చు’ అనే సూచనలను రకరకాలుగా మార్చి, అయిదేళ్లపాటు 2 కోట్ల మందిపై పరిశీలన చేశారు. ఫలితాలు 2022లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివాళ్లకన్నా, ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువగా ఉపయోగపడ్డారట. అయితే కంప్యూటర్లతో అంతగా పనిలేని రంగాల్లో దగ్గరివాళ్ల సాయానిదే పైచేయి. అంటే మేనమామ మాటకు విలువ పోలేదన్నమాట!

తెలిసినవాళ్లే లేకపోతే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మంచి కాలేజీలో చదివినవాళ్లకు సీనియర్లుంటారు. ఉద్యోగస్తుల పిల్లలకు నాన్న స్నేహితులుంటారు. తండ్రి పొలం పనికి వెళ్లే ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడికి ఎవరుంటారు? ప్రతిభ సమానమైనా పరిచయాలు సమానం కావు. ఖాళీ సంగతి బయట ప్రకటించకుండా పరిచయాల మీదే భర్తీ చేస్తే అలాంటివాళ్లు తలుపుదాకా కూడా రాలేరు. ఇది కంపెనీలు ఆలోచించాల్సిన విషయం.

కుర్రాళ్లు చేయగలిగిందీ ఉంది. పాఠం చెప్పిన లెక్చరర్‌, నిరుడు గది ఖాళీచేసి వెళ్లిన రూమ్మేటు, ఊరి వాట్సాప్‌ గ్రూపులో బెంగళూరు నుంచి పండక్కి శుభాకాంక్షలు చెప్పే అన్నయ్య... వీళ్లంతా పరిచయస్తులే. ‘అన్నా, ఏదైనా జాబ్‌ ఉంటే చూడు’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘మీ కంపెనీలో ఫలానా ఖాళీ చూశాను. నాకు ఈ పని వచ్చు, ఈ ప్రాజెక్టు చేశాను. రెజ్యూమె ఒకసారి చూస్తారా?’ అని నాలుగు ముక్కల్లో రాస్తే జవాబివ్వడం తేలిక. జవాబు రాకపోతే వారం ఆగి ఒకసారి గుర్తుచేయండి. అంతటితో వదిలేసి మరొకరిని అడగండి.

డబ్బడిగితే దండం పెట్టండి

సోషల్‌ మీడియా ఉద్యోగాలనే కాదు, దొంగలనూ ఇంటికి తెస్తుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ నమ్మించి కుర్రాళ్లను కాంబోడియా తరలించి, వాళ్లతో సైబర్‌ నేరాలు చేయించిన వ్యవహారం 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. ఇంటర్వ్యూకో, ఆఫర్‌ లెటర్‌కో డబ్బు కట్టమన్నారంటే అనుమానించాల్సిందే. విదేశాలకైతే ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్‌ చేయండి.

ఇక, ఇప్పటికే ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లకో మాట. మీ ఇన్‌బాక్స్‌లో ఏదో పల్లె నుంచి వచ్చిన కుర్రాడి మెసేజ్‌ ఒకటి చదవకుండా పడి ఉండొచ్చు. ఉద్యోగం ఇప్పించనక్కర్లేదు. రెజ్యూమె చూసి బాగుంటే హెచ్‌ఆర్‌కి పంపండి, బాగోలేకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి. ‘అక్కడ మీకెవరైనా తెలుసా?’ అని ఈసారి ఎవరైనా అడిగితే, ఆ కుర్రాడు మీ పేరు చెప్పుకుంటాడు!